రెండో గడి దాచుకున్న బంటు

చదరంగం నేర్పే పుస్తకం ఏది తెరిచినా మొదటి పాఠం ఒకటే. నడిమి బంట్లను రెండేసి గడులు ముందుకు తోయి, బోర్డు మధ్యభాగాన్ని పట్టుకో, ఆ తర్వాత మిగతా పావులను బయటికి తీయి. మరి ఎదుటి ఆటగాడు ఆ పోటీకే రాకుండా, గుర్రం ముందున్న బంటును ఒక్క గడి మాత్రం కదిపి ఊరుకుంటే ఏం చేయాలి? 19వ శతాబ్దపు యూరప్ దీనికి పెద్దగా ఆలోచించకుండానే జవాబు చెప్పింది. అలాంటి ఆరంభాలన్నింటినీ ‘క్రమం తప్పినవి’ అనే శీర్షిక కింద పుస్తకం చివరికి నెట్టింది. అవతలివాడు వదిలేసిన చోటంతా నీ బంట్లతో నింపు, ఊపిరాడనివ్వకు, అతని పిరికితనానికి శిక్ష వెయ్యి అన్నది అప్పటి సలహా. ఈ సలహాకు నిజమైన పరీక్ష లండన్‌లోనో పారిస్‌లోనో జరగలేదు. 1850 ప్రాంతంలో కలకత్తాలో, ఒక స్కాటిష్ బారిస్టరుకూ ఒక బెంగాలీ బ్రాహ్మణుడికీ మధ్య జరిగింది. ఆ ఆటల్లోని ఎత్తులను వరసగా చూస్తే ఒక విషయం తేలుతుందని నా వాదన. చిన్న నడక బలం ఆ నడక చిన్నది కావడంలో లేదు. బంటుకు మొదటిసారి మాత్రమే దొరికే రెండు గడుల దూకును ముందే ఖర్చు చేయకుండా, ఎదుటి బంట్లు వచ్చి నిలబడ్డాక వాడుకోవడంలో ఉంది. ఈ సంగతిని లోకానికి మొదట చూపించినవాడు ఆ దూకు దాదాపు లేని ఆటలో పెరిగిన మనిషి కావడం యాదృచ్ఛికం కాదు.

ఆ దూకు ఎక్కడిదో ముందు చూడాలి. 1283లో కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో రాయించిన ఆటల గ్రంథంలోనే బంటు మొదటి కదలికలో రెండు గడులు వెళ్లవచ్చని ఉంది. నెమ్మదిగా సాగే మధ్యయుగపు చదరంగాన్ని త్వరపెట్టడానికి యూరప్ చేసుకున్న ఏర్పాటు అది. 15వ శతాబ్దం చివర మంత్రికీ శకటుకూ, అంటే నేటి టోర్నమెంట్లలో బిషప్ అనే పావుకూ, దూరప్రయాణం చేసే శక్తి వచ్చింది. దాంతో మొదటి ఎత్తులోనే రాజు ముందరి బంటును రెండు గడులు తోసి ఆ పావులకు దారి తెరవడం సహజమైన పనిగా స్థిరపడింది. మన దేశంలో కథ మరోలా నడిచింది. 19వ శతాబ్దం నాటికి ఇక్కడి ఆటలోనూ మంత్రి, శకటు దూరం వెళ్లగలిగేవే, కానీ బంటు మాత్రం మామూలుగా ఒక్క గడే నడిచేది. ప్రాంతాన్ని బట్టి నియమాలు మారేవి. కొన్నిచోట్ల కొన్ని బంట్లకు మాత్రం మినహాయింపు ఉండేది. రాజు, ఏనుగు కలిసి చేసే క్యాస్లింగ్ బదులు రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉండేది. అవతలి అంచు చేరిన బంటు తన ఇష్టం వచ్చిన పావుగా మారేది కాదు, ఆ నిలువు వరసలో ఆట మొదట్లో నిలిచిన పావుగా మారేది.

ఈ రెండు పద్ధతుల మధ్య తేడా ఇక్కడివాళ్లకు తెలియక కాదు. బాజీరావు పీష్వా కాలంలో పుణెలో ఉండిన తిరుపతి పండితుడు తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో రాసిన చదరంగ గ్రంథం 1814లో బొంబాయిలో ఇంగ్లీషులోకి వచ్చింది. యూరప్ ఆట పద్ధతికి అనుగుణంగా మార్చినదని దాని పేరులోనే ఉంది. అంటే కలకత్తా ఆటలకు ఒక తరం ముందే, ఒక నియమావళిలో పుట్టిన సమస్యను మరో నియమావళిలోకి మార్చుకోగలిగిన వాళ్లు ఇక్కడ ఉన్నారు. ఆ మార్పిడిలో ఏది పోతుంది, ఏది మిగులుతుంది అన్నది మనకు ముఖ్యమైన ప్రశ్న.

ఒక్క గడి నియమం ఆటను కేవలం నెమ్మది చేయదు, ఆరంభపు స్వరూపాన్నే మార్చేస్తుంది. రెండు వైపుల రాజు ముందరి బంట్లు బోర్డు నడుమ ఢీకొనాలంటే యూరప్ పద్ధతిలో చెరో ఎత్తు చాలు, మన పద్ధతిలో చెరో రెండు కావాలి. ఆ వ్యవధిలో ఎదుటి బంటు వచ్చి గుర్రాన్ని తరిమేస్తుందన్న భయం లేదు. పైగా నడిమి బంటును ఒక్క గడి కదిపితే ఒక శకటుకు దారి తెరుచుకుంటుంది కానీ రెండోదానికి మూసుకుపోతుంది. గుర్రం ముందరి బంటును ఒక్క గడి జరిపి ఆ ఖాళీలో శకటును నిలిపితే ఈ చిక్కు ఉండదు. ఆ మూల నుంచి ఈ మూలకు బోర్డులోని అతి పొడవైన ఏటవాలు గీత మొత్తం దాని చూపు కిందికి వస్తుంది. యూరప్‌లో ఫియాన్‌చెట్టో అనే ఈ అమరిక మన ఆటగాళ్లకు నేర్చుకున్న పాఠం కాదు, నియమం నుంచి దానంతటదే పుట్టిన అలవాటు. బంట్ల గొలుసు వెనక పావులను సర్దుకుంటూ, తగవు ఎప్పుడు మొదలుపెట్టాలో తనే నిర్ణయించుకునే ఓపిక కూడా అందులో నుంచే వచ్చింది.

ఇక ఎదుటి పక్షం. ఆ స్కాటిష్ బారిస్టరు జాన్ కాక్రన్ 1798లో పుట్టారు. 1822లోనే చదరంగంపై ఒక గ్రంథం ప్రచురించారు. పారిస్ వెళ్లి ఆ కాలపు మేటి ఆటగాళ్లు డెషాపెల్, లాబుర్దొనేలతో ఆడారు. 1824లో లండన్, ఎడిన్‌బరో క్లబ్బుల మధ్య ఉత్తరాల ద్వారా మ్యాచ్ మొదలైనప్పుడు, మూడో ఎత్తులోనే మంత్రి ముందరి బంటును రెండు గడులు తోసి ఆటను బద్దలు కొట్టే పద్ధతిని లండన్ జట్టుకు సూచించింది ఆయనే. మ్యాచ్ మధ్యలోనే ఆయన భారతదేశానికి బయల్దేరారు. తర్వాత ఆ ఎత్తును ఎడిన్‌బరో తన ఆయుధం చేసుకోవడంతో దానికి స్కాచ్ అనే పేరు స్థిరపడింది. 1840ల మొదట్లో సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లినప్పుడు స్టాంటన్ వంటి వారితో ఎన్నో ఆటలు ఆడారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ బెంగాలీ బ్రాహ్మణుడు మహేశ్‌చంద్ర బెనర్జీకి ఎదురైనది సెలవురోజు కాలక్షేపానికి ఆడే అధికారి కాదు. బంట్లను రెండేసి గడులు దూకించి నడిమి భాగాన్ని పగలగొట్టడంలో ఆ తరంలో ఆరితేరిన మనిషి. చిన్న నడకకు ఇంతకంటే కఠినమైన పరీక్షకుడు దొరకడు.

1848లో కలకత్తా క్లబ్ సభ్యుడొకరు మొఫసిల్‌కు వెళ్లినప్పుడు అక్కడ ఎవరి చేతిలోనూ ఓడలేదని పేరున్న ఒక బ్రాహ్మణుడి సంగతి తెలిసింది. ఆయనే మహేశ్‌చంద్ర. లండన్ పత్రిక చెస్ ప్లేయర్స్ క్రానికల్ 1850లో ఆ సంగతి ప్రచురించింది. కాక్రన్‌తో ఆడిన తొలి ఆటల్లో ఒకటి ఈనాటికీ ప్రసిద్ధం. మహేశ్‌చంద్ర రాజు ముందరి బంటును యూరప్ పద్ధతిలోనే రెండు గడులు నడిపి, పెట్రోఫ్ రక్షణ ఆడారు. కాక్రన్ నాలుగో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్7 బంటు మీద బలిచ్చారు. ఆ బలికి కాక్రన్ గాంబిట్ అని పేరు. కొత్త నియమాలతో ఆడుతున్న మనిషి ఎదుటివాడి సొంత మైదానంలోకి దిగితే ఏమవుతుందో చూపే ఆట ఇది. ఆ తర్వాతి ఏళ్లలో మహేశ్‌చంద్ర ఆట తన పాత అలవాట్ల వైపు తిరిగింది, కానీ అందులో పాత నియమాల్లో లేని ఒక వస్తువు చేరింది.

అది ఏమిటో చూడాలంటే 1850లలోని ఒక ఆటను నిదానంగా చూడాలి. కాక్రన్ తెల్లపావులతో రాజు ముందరి బంటును రెండు గడులు తోశారు. మహేశ్‌చంద్ర మంత్రి ముందరి బంటును ఒక్క గడి, డి6కు, కదిపారు. కాక్రన్ రెండో బంటును కూడా రెండు గడులు తోశారు. జవాబుగా జి6, మళ్లీ ఒక్క గడి. కాక్రన్ మూడో బంటును సి4కు తెచ్చారు. నల్ల శకటు జి7కు చేరింది. గుర్రాలు బయటికి వచ్చాయి, అయిదో ఎత్తులో కాక్రన్ నాలుగో బంటును ఎఫ్4కు దూకించారు. తెల్లవైపు నాలుగు బంట్లు ఒకే వరసలో నిలిచాయి, నాలుగూ రెండేసి గడులు వచ్చినవే. నల్లవైపు రెండు బంట్లు కదిలాయి, రెండూ ఒక్కొక్క గడే. అప్పటి పుస్తకాల లెక్క ప్రకారం ఆట ఇక్కడే తేలిపోయినట్టు. ఈ అమరికను ఇప్పుడు కింగ్స్ ఇండియన్‌లో నాలుగు బంట్ల దాడి అంటారు, నేటికీ గ్రాండ్‌మాస్టర్లు ఆడుతూనే ఉన్నారు.

ఏడో ఎత్తుదాకా మహేశ్‌చంద్ర ఒక్క బంటును కూడా రెండు గడులు కదపలేదు. అంటే నడిమి బంటు ఇ7లోనే ఉంది, దాని దూకు ఇంకా చేతిలోనే ఉంది. తెల్ల శకటు డి3కు రాగానే ఆ బంటు ఇ7 నుంచి ఇ5కు ఒకే ఊపులో వచ్చి తెల్ల బంట్ల వరసను ఢీకొట్టింది. బంట్లు మారాయి. కాక్రన్ డి5కు తోసి ముందుకే వెళ్లారు. అప్పుడు నల్ల గుర్రం ఇ4 బంటును పట్టి బలైంది. పదో ఎత్తులో రెండో దూకు వచ్చింది. ఎఫ్7 బంటు ఎఫ్5కు వచ్చి, ఇ4లో కూర్చున్న తెల్ల గుర్రాన్ని లేపింది. వెంటనే ఇ5 బంటు ఇ4కు నడిచి శకటునూ గుర్రాన్నీ ఒకేసారి పట్టుకుంది. కాక్రన్ గుర్రాన్ని ఇ6లో దించి మంత్రికీ ఏనుగుకూ ఒకేసారి గురిపెట్టారు. మహేశ్‌చంద్ర మంత్రిని కాపాడుకోలేదు. ఆ బంటుతో ఎఫ్3లోని గుర్రాన్ని కొట్టారు. తెల్ల గుర్రం నల్లమంత్రిని తీసుకుంది, అదే బంటు జి2ను కూడా కొట్టి ఏనుగు మీదికి వెళ్లింది, ఆ కదలికతో తెరుచుకున్న గీత వెంట నల్లవైపు రెండో శకటు తెల్లమంత్రిని తీసుకుంది. ఇ7 గడిలో ఏడు ఎత్తులు నోరుమూసుకుని కూర్చున్న బంటు ఒకే ఒక్కసారి రెండు గడులు దూకి తెరిచిన దారిలో, బంట్లు మారినప్పుడు డి6 నుంచి ఇ5కు వచ్చిన బంటు పావులను కబళిస్తూ ఎదుటి కోట లోపలికి వెళ్లింది. లెక్క తేలాక తెల్లవైపు ఏనుగు ఎక్కువ, నల్లవైపు దానికి బదులు గుర్రమూ ఒక బంటూ. కానీ తెల్ల రాజు బోర్డు నడిబొడ్డుకు నడవాల్సి వచ్చింది. ఆట మహేశ్‌చంద్ర గెలిచారు.

గుర్రం బలి సరైనదేనా అని నేటి విశ్లేషకులు అనుమానిస్తారు, ఆ అనుమానం న్యాయమైనదే. తెల్ల శకటు డి3కు కాకుండా ఇ2కు వెళ్లి ఉంటే నల్లవైపు పని ఇంత తేలికయ్యేది కాదన్నదీ నిజమే. నా వాదనకు బలి సరైనదా కాదా అన్నది ముఖ్యం కాదు. మహేశ్‌చంద్ర రెండు గడుల దూకును ఎప్పుడు వాడారన్నది ముఖ్యం. యూరప్ ఆటగాడికి ఆ దూకు మొదటి ఎత్తులో చేసే మర్యాద, దాన్ని వాడకపోవడం అంటే వదులుకోవడం. ఒక్క గడి ఆటలో పెరిగిన మహేశ్‌చంద్రకు అది కొత్తగా చేతికందిన ఆయుధం. నమస్కారానికి వాడలేదు, దెబ్బకు దాచుకున్నారు. పావుల అమరిక పాత ఆటది, దెబ్బ కొత్త ఆటది. రెండూ తెలిసిన మనిషికే ఇది తోచగలదు. ఒక్క గడి నియమంతోనే ఆడినవాడికి ఇ5 దూకు లేదు, రెండు గడుల నియమంతోనే పెరిగినవాడికి దాన్ని ఏడో ఎత్తుదాకా ఆపుకునే అలవాటు లేదు.

1855 మేలో కలకత్తాలోనే జరిగిన మరో ఆట ఇదే చెబుతుంది, ఫలితం తలకిందులైనా. కాక్రన్ మంత్రి ముందరి బంటుతో మొదలుపెట్టారు. మహేశ్‌చంద్ర గుర్రాన్ని తీసి, జి6 అని ఒక్క గడి నడిచి, మూడో ఎత్తులో డి7 బంటును డి5కు దూకించారు. ఎనిమిదో ఎత్తులో సి7 బంటును సి5కు దూకించారు. ఎదుటి నడిమి బంట్లను రానిచ్చి, జి7లోని శకటు చూపుతోనూ పక్కనుంచి వచ్చే బంట్లతోనూ వాటిని కోయడం ఇందులో కిటుకు. 1922లో వియన్నా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ అంతర్జాతీయ పోటీల్లో దీన్ని ఆడి అలెఖైన్‌ను ఓడించాక దానికి ఆయన పేరు వచ్చింది. 67 ఏళ్ల ముందే కలకత్తాలో అదే వరస పలక మీద కనిపించింది. ఆ ఆటలో మహేశ్‌చంద్ర ఓడిపోయారు. ఆరంభం బాగానే నడిచింది. మధ్యలో ఆయన మంత్రి అటూ ఇటూ తిరిగి ఎత్తులు పోగొట్టుకుంది. తెల్ల గుర్రం జి5కు వచ్చినప్పుడు ఎఫ్7 మీది ప్రమాదాన్ని పట్టించుకోకుండా శకటును కొట్టుకున్నారు. కాక్రన్ గుర్రం, మంత్రి కలిసి రాజును సొంత పావుల మధ్యనే ఊపిరాడకుండా కట్టేశాయి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. వీళ్లిద్దరి ఆటల్లో ఎక్కువ గెలిచింది కాక్రనే. అలాంటప్పుడు చిన్న నడక పరీక్షలో నెగ్గిందని ఎలా అంటాం? ఓటములు ఎక్కడ జరిగాయో చూస్తే జవాబు దొరుకుతుంది. 1855 ఆటలో ఓటమి పదహారు, పదిహేడు ఎత్తుల దగ్గర, పావుల పోరులో పుట్టింది, జి6లో పుట్టలేదు. 1848 పెట్రోఫ్ ఆటలో ఆయన ఆడింది యూరప్ నడకే. కాక్రన్ గొప్పతనం దాడిలో ఉంది, ఆ దాడి ఏ ఆరంభాన్నయినా చీల్చగలిగేది. ఒక ఆరంభం విలువను ఆడినవాడి ఓటముల మొత్తంతో తూచలేం. దాన్ని మెరుగైన ఆటగాళ్లు తర్వాత చేతిలోకి తీసుకున్నప్పుడు అది నిలిచిందా లేదా అన్నదే కొలత. గ్రున్‌ఫెల్డ్ వరస నిలిచింది. 1987లో సెవిల్‌లో కాస్పరోవ్, కార్పోవ్ ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం తలపడినప్పుడు పలక మీద ఉన్నవాటిలో అదీ ఒకటి.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. ఫియాన్‌చెట్టో యూరప్‌కు కొత్త కాదు, ఆ పేరే ఇటలీది. 1858లో లండన్‌లో ఓవెన్ మొదటి ఎత్తులోనే బి6 అని ఒక్క గడి కదిపి పాల్ మోర్ఫీ అంతటివాడినే ఓడించారు. అలాంటప్పుడు కలకత్తాకు ప్రత్యేకత ఏముంది? ఎత్తుకూ పద్ధతికీ తేడా ఉంది. యూరప్‌లో బి6, జి6 అప్పుడప్పుడు కనిపించే ఎత్తులు. వాటిని ఆడినవారికి అది ఎదుటివాడిని పుస్తకం నుంచి తప్పించే ఉపాయం. ఎదుటి నడిమి బంట్లను కావాలని రప్పించుకుని, దాచుకున్న దూకుతో వాటిని కొట్టడం అనే ముందూవెనకా గల ఆలోచనగా అది ఒకే ఆటగాడి ఆటల్లో మళ్లీ మళ్లీ కనబడడం కలకత్తాలోనే చూస్తాం. 1884 నాటికే ఇంగ్లీషు చదరంగ రచనల్లో ‘ఇండియన్ రక్షణ’ అన్న మాట మహేశ్‌చంద్ర ఆటలతో ముడిపడి వాడుకలోకి వచ్చింది. బ్రిటిష్ చదరంగ చరిత్ర రాసిన ఫిలిప్ సార్జెంట్ 1934లో ఈ అమరికలను యూరప్‌కు చాలావరకు నేర్పింది మహేశ్‌చంద్ర, ఇతర భారతీయ ఆటగాళ్లేనని, వాళ్లకవి సొంత ఆట నుంచి సంక్రమించినవని నిర్మొహమాటంగా రాశారు. పేరులో ఇండియన్ ఉన్నంత మాత్రాన అది రుజువు కాదన్నది ఒప్పుకోవాలి. 1845లో ప్రసిద్ధమైన ‘ఇండియన్ ప్రాబ్లం’ అనే చదరంగ సమస్యను కూర్చింది ఇక్కడ ఉద్యోగం చేస్తున్న లవ్‌డే అనే ఇంగ్లీషు మతాచార్యుడు. అక్కడ ఆ పేరు ఉత్తరం వచ్చిన చిరునామాను మాత్రమే చెబుతుంది. ఇక్కడ ఎత్తులే సాక్ష్యం.

మూడోది అభ్యంతరం కాదు, ఒక అపోహ. అది నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. చిన్న నడకను భారతీయుల స్వభావంగా, ఓర్పు, నిదానం, వెనకడుగు వంటి గుణాల ఫలంగా చెప్పే ధోరణి 19వ శతాబ్దంలోనూ ఉంది, తర్వాతా ఉంది. దీన్ని కొట్టిపారేయడానికి దక్కను, మద్రాసు సాక్ష్యం చాలు. 1829లో మద్రాసులో ఒక పుస్తకం అచ్చయింది. అందులో మద్రాసు, హైదరాబాదుల మధ్య ఉత్తరాల ద్వారా సాగిన రెండు ఆటలతో పాటు మూజియో గాంబిట్ విశ్లేషణ ఉంది. మద్రాసు జట్టుకు ప్రధానంగా దిశానిర్దేశం చేసిన గులాం ఖాసిం, మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన జేమ్స్ కాక్రన్ కలిసి దాన్ని తయారుచేశారు. ఈ కాక్రన్, కలకత్తా కాక్రన్ వేర్వేరు మనుషులు. మూజియో అంటే ఆ కాలపు ఆరంభాల్లోకెల్లా ఉద్ధృతమైనది. తెల్లవైపు రాజు పక్షపు బంట్లను రెండేసి గడులు తోసి, ఆపైన ఒక గుర్రాన్నే వదిలేసి దాడికి దిగుతుంది. అందులో గులాం ఖాసిం సూచించిన డి4 ఎత్తు, మళ్లీ రెండు గడుల దూకే, ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇరవై ఏళ్ల తేడాతో మద్రాసులో ఒక భారతీయుడు చదరంగంలోని అత్యంత దుడుకైన ఆరంభానికి మెరుగులు దిద్దుతుంటే, కలకత్తాలో మరొకరు అత్యంత నిదానమైన ఆరంభాన్ని కడుతున్నారు. జాతి స్వభావం ఇద్దరినీ వివరించలేదు. నియమాలు మారినప్పుడు ఆలోచించగల మనుషులు వేర్వేరు దారులు తొక్కుతారు, అంతే.

ఇంకొకటి మిగిలింది. 1920లలో రెటీ, నిమ్జోవిచ్, బ్రయర్, టార్టకోవర్ వంటివారు మధ్యభాగాన్ని బంట్లతో నింపడం కంటే దూరం నుంచి పావులతో అదుపు చేయడం మేలని వాదించారు. 1924లో న్యూయార్క్‌లో ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరగని కాపబ్లాంకాను రెటీ ఓడించారు. ఇండియన్ రక్షణల మీద టార్టకోవర్ అదే ఏడు ఒక పుస్తకం రాశారు. వాళ్లు తమ ఆలోచనను స్వతంత్రంగానే చేశారు, మధ్యభాగాన్ని బంట్లతో పట్టుకోవాలన్న టారాష్ బోధనలతో పోరాడుతూ చేశారు. దాన్ని తగ్గించి చెప్పాల్సిన పని లేదు. కానీ వాళ్లు సిద్ధాంతంగా చెప్పినదాని నమూనా డెబ్బై ఏళ్ల ముందే అచ్చులో ఉంది, ఆ నమూనా పేరునే వాళ్లు వాడుకున్నారు. అయినా ఆరంభాల పట్టికలో కాక్రన్ పేరు ఉంది, గ్రున్‌ఫెల్డ్ పేరు ఉంది. ఆ రెండు వరసలకూ అవతలి వైపునో ఇవతలి వైపునో కూర్చున్న మహేశ్‌చంద్ర పేరు లేదు. ఆయన వంతుకు దేశం పేరు వచ్చింది. ఇది సరిదిద్దదగ్గ అన్యాయమని నేను నమ్ముతున్నాను.

చిన్న నడకను ఎలా ఎదుర్కోవాలన్న మొదటి ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన జవాబు నెమ్మదిగా మారుతూ వచ్చింది. 1946లో ప్రేగ్, మాస్కో జట్ల మధ్య పోటీలో బ్రాన్‌స్టైన్ నల్లపావులతో కింగ్స్ ఇండియన్ ఆడి జీటా, పాఖ్‌మాన్‌లను ఓడించాక, ఎదురుగా బంట్లు నిలిపినంత మాత్రాన ఆట గెలిచినట్టు కాదని అందరూ ఒప్పుకున్నారు. తెల్లవైపు ఆడేవాళ్లు కాక్రన్ దారిని పూర్తిగా వదల్లేదు, నాలుగు బంట్ల దాడి ఇప్పటికీ చెల్లుబాటే. కానీ ఎక్కువమంది మూడు బంట్లతో సరిపెట్టి, శకటును ఇ2లో నిలిపి, రాజును దాచి, ఇ5 దూకు ఎప్పుడు వస్తుందో కాచుకోవడం నేర్చుకున్నారు. ఇక్కడ కాచుకునే పని తెల్లవైపుకు మారిందని గమనించాలి. కొత్తగా ఆడేవారు ఎదుటివాడి ఒక్క గడి నడక చూడగానే అడగాల్సిన ప్రశ్న, ఇతను ఏ చోటు వదిలేశాడన్నది కాదు. ఇతని చేతిలో ఇంకా ఏ బంటు దూకు మిగిలి ఉంది, నేను తోసే ప్రతి బంటూ ఆ దూకుకు గురి అవుతుందా అన్నది. 1980లో స్కారాలో అప్పటి ప్రపంచ చాంపియన్ కార్పోవ్ ఇ4 ఆడితే టోనీ మైల్స్ ఎ6 అన్నారు. ప్రేక్షకులకు విడ్డూరంగా తోచిన ఆ ఒక్క గడి నడక వెనకనుంచి తర్వాతి ఎత్తుల్లో బి5, సి5 దూకులు వచ్చాయి. కార్పోవ్ ఓడిపోయారు.

ఈ వరసలో అత్యంత స్వచ్ఛమైన ఉదాహరణ మాత్రం 1930–31 శీతాకాలంలో హేస్టింగ్స్‌లో దొరుకుతుంది. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ మన పాత ఆటలోనే పెరిగి, యూరప్ నియమాలు పెద్దయ్యాక నేర్చుకుని, సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారంలో 1929లో ఇంగ్లండ్ చేరారు. ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్ అయ్యారు, 1932లోనూ 1933లోనూ మళ్లీ గెలిచారు. ఆరంభాల్లో ఆయన బలహీనమని తోటి ఆటగాళ్లు అనేవారు, పుస్తకజ్ఞానం కొలతగా తీసుకుంటే అది నిజమే. హేస్టింగ్స్‌లో కాపబ్లాంకాపై తెల్లపావులతో ఆడుతూ అయిదో ఎత్తులో ఆయన ఎ3 అన్నారు. అంచు బంటును ఒక్క గడి జరపడం, అదీ తెల్లవైపు, అదీ కాపబ్లాంకా మీద! నల్ల శకటు బి4కు వచ్చి గుర్రాన్ని కట్టేయకుండా చేయడం ఆ ఎత్తు పని. కాపబ్లాంకా పుస్తకంలో ఉన్నట్టే డి5 దూకించి నడిమి భాగం తీసుకున్నారు, గుర్రాన్ని ఇ4లో నిలిపి, ఎఫ్5 దూకుతో దాన్ని బలపరిచారు. నల్లవైపు నడిమి దూకులు అయిపోయాక, మధ్యభాగం గడ్డకట్టుకుపోయాక, సుల్తాన్ ఖాన్ పద్నాలుగో ఎత్తులో హెచ్2 బంటును హెచ్4కు, పంతొమ్మిదో ఎత్తులో జి2 బంటును జి4కు దూకించారు. కాపబ్లాంకా మంత్రి కోసం రెండు ఏనుగులను వదులుకోవాల్సి వచ్చింది. 65 ఎత్తుల తర్వాత ఓటమి ఒప్పుకున్నారు. ఆ ఎ3 ఎత్తు తర్వాతి కాలంలో పెట్రోసియన్ పేరుతో స్థిరపడింది, 1980ల మొదట్లో యువ కాస్పరోవ్ దానితో వరసగా ఆటలు గెలిచారు.